ఇంటి వ్యాపారం ఫోన్ ఖర్చు: తినేస్తున్నది నంబర్ కాదు, వాడని డేటా

క్లుప్తంగా: 2019 నుంచి మొబైల్ రీచార్జ్ ధరలు మూడుసార్లు పెరిగాయి. ఇంటికి వచ్చే ఫైబర్ ఇంటర్నెట్ కనీస ధర మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. ఇంటి నుంచి వ్యాపారం చేసేవాళ్లు చాలామంది ఈ రెండిటికీ పూర్తిగా డబ్బు కడుతున్నారు, అంటే ఒకే పనికి రెండుసార్లు. నంబర్‌ను బతికించుకునే ఖర్చు వేరు, డేటా ఖర్చు వేరు అని విడదీస్తే ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా మిగులుతుంది. అయితే కరెంటు పోయినప్పుడు, నంబర్ ఆగిపోయినప్పుడు ఏం జరుగుతుందో ముందే తెలుసుకుని చేయాల్సిన మార్పు ఇది.

మంగళగిరిలో ఇంటి నుంచి చేనేత చీరలు అమ్మే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఉదయం పదింటికి కొత్త చీరల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కుతాయి. పదకొండింటికి ఒక కస్టమర్ వీడియో కాల్ చేసి, "కొంగు కాస్త దగ్గరగా చూపించండి, నిజాం అంచు ఎంత వెడల్పుందో తెలియట్లేదు" అంటారు. సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్ లైవ్ ఉంటుంది. మధ్యలో డబ్బు కట్టినవాళ్ల స్క్రీన్‌షాట్లు, కొరియర్ అబ్బాయి ఫోన్లు, అడ్రస్ సరిచేసుకునే మెసేజ్‌లు. ఇక్కడ ఫోనే షాపు. అందుకే షాపు అద్దె లేదన్న మాటేగానీ, ఆ అద్దెలో కొంత రీచార్జ్ రూపంలో పోతూనే ఉంటుంది.

అలాంటి ఇంట్లో సాధారణంగా మూడు సిమ్‌లు ఉంటాయి. గృహిణి సొంత నంబర్ ఒకటి, వ్యాపారం కోసం తీసుకున్నది ఒకటి, మగ్గాల దగ్గరికి, కొరియర్ ఆఫీసుకు తిరిగే భర్తది ఒకటి. పైగా పిల్లల చదువు కోసం పెట్టించుకున్న బ్రాడ్‌బ్యాండ్. మూడు సిమ్‌లకూ అలవాటుగా రోజుకు 1.5 జీబీ ప్లానే వేయిస్తారు. అసలు లీకేజీ అక్కడే ఉంది.

ధర ఎందుకు పెరిగింది, ఎక్కడ పెరగలేదు

2016 సెప్టెంబర్ 5న జియో మార్కెట్లోకి వచ్చేనాటికి నెలకు 1 జీబీ కోసం రెండు వందలకు పైనే పెట్టాల్సి వచ్చేది. ఉచిత డేటాతో మొదలైన పోటీలో చాలా కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని కలిసిపోయాయి. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా విలీనం పూర్తయింది. 2019 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఏజీఆర్ బకాయిల (కంపెనీలు తమ ఆదాయంలో ప్రభుత్వానికి కట్టాల్సిన వాటా బకాయిల) మీద ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇవ్వడంతో పాత కంపెనీల మీద వేల కోట్ల భారం పడింది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే తొలి పెంపు వచ్చింది. తర్వాత 2021 చివర్లో, మళ్లీ 2024 జులైలో.

జియోలో 28 రోజులకు రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాన్‌నే చూస్తే, 149 రూపాయలున్నది 2019 డిసెంబర్‌లో 199 అయింది, రెండేళ్లకు 239 అయింది, 2024 జులైలో 299 అయింది. అయిదేళ్లలో దాదాపు రెట్టింపు. 2025 ఆగస్టులో జియో, ఎయిర్‌టెల్ రెండూ 249 రూపాయల రోజుకు 1 జీబీ ప్లాన్‌ను కూడా ఆపేశాయి. రేటు పెంచకుండానే కింది మెట్టు తీసేస్తే కస్టమర్ తనంతట తానే పై మెట్టు ఎక్కుతాడు. ఇదీ పెంపే, పేరు వేరు.

అదే జియో 2020 సెప్టెంబర్‌లో ఇంటి ఫైబర్‌కు 30 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగం ఇచ్చే ప్లాన్‌ను 399 రూపాయలకు తెచ్చింది. 2024 జులైలో మొబైల్ ధరలు పెరిగినప్పుడు ఆ 399 కదల్లేదు. కారణం మార్కెట్ తీరులో ఉంది. మొబైల్లో ఇప్పుడు మిగిలింది మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్ఎన్ఎల్. ఇంటి ఇంటర్నెట్‌లో మాత్రం పెద్ద కంపెనీలతో పాటు వీధి కేబుల్ ఆపరేటర్, జిల్లా స్థాయి సంస్థలు, ప్రభుత్వ ఫైబర్ కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోన్, 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఇస్తామన్నారు. ఆ ధర నిలవలేదు. కానీ చిన్న ఊళ్లలో కేబుల్ ఆపరేటర్లు ఇంటర్నెట్ అమ్మకంలోకి దిగడానికి అది ఊపునిచ్చింది. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు ఉంటే ఎవరూ వంద రూపాయలు పెంచే ధైర్యం చేయరు.

కాబట్టి లెక్క ఒకటే. గాలిలో వచ్చే డేటా ధర పెరుగుతోంది, తీగలో వచ్చేది ఆగి ఉంది. ఇంట్లో కూర్చుని చేసే పనికి గాలి డేటా వాడటమే ఖరీదైన అలవాటు.

28 రోజుల నెల

రీచార్జ్ నెల 28 రోజులే. 28ని 13తో గుణిస్తే 364. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జ్‌లు. 299 రూపాయల ప్లాన్‌కు ఏడాదికి అయ్యేది 3,887 రూపాయలు. దీని మీద ఫిర్యాదులు రావడంతో, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్‌ను, ప్రతి నెలా అదే తేదీకి రెన్యూ అయ్యే మరో ప్లాన్‌ను ఉంచాలని 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. జియోలో అలాంటి క్యాలెండర్ నెల ప్లాన్ 2024 పెంపు తర్వాత 319 రూపాయలైంది. పన్నెండు నెలలకు 3,828. తేడా 59 రూపాయలే.

అసలు తేడా ఎక్కువ రోజుల ప్లాన్లలో కనిపిస్తుంది. 2024 జులై ధరల ప్రకారం 28 రోజుల ప్లాన్‌లో రోజుకు 10 రూపాయల 68 పైసలు పడితే, అదే 1.5 జీబీకి 84 రోజుల 799 ప్లాన్‌లో 9 రూపాయల 51 పైసలు పడుతుంది. 3,599 రూపాయల ఏడాది ప్లాన్‌లో 9 రూపాయల 86 పైసలు, పైగా రోజుకు 2.5 జీబీ. ఒకేసారి మూడున్నర వేలు తీయడం చిన్న వ్యాపారికి కష్టమే. శ్రావణం, దసరా అమ్మకాలు అయ్యాక చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు వేయించుకోవడం కొంత తేలిక.

ఇంకో విషయం. రోజువారీ డేటా అర్ధరాత్రికి లెక్క మూసేసుకుంటుంది. ఇంట్లో వైఫై ఉన్నవాళ్ల సిమ్‌లో నెలకు 42 జీబీ వస్తుంటే వాడేది అందులో కొంతే, మిగిలింది ఏ రోజుకారోజు పోతుంది. శ్రావణ మాసంలో లైవ్‌లు పెరిగి డేటా చాలదు, ఆషాఢం మొదట్లో ఎవరూ కొనరు కాబట్టి మిగిలిపోతుంది. అమ్మకాలకు సీజన్ ఉంది గానీ వ్యాలిడిటీకి లేదు.

సిమ్‌లో ఉన్నవి రెండు సరుకులు

రీచార్జ్ చేసినప్పుడు కొంటున్నది నిజానికి రెండు. ఒకటి నంబర్ బతికి ఉండటం, అంటే ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్, ఓటీపీలు. రెండోది డేటా. ఏళ్ల తరబడి కంపెనీలు ఈ రెండిటినీ ఒకే ప్యాకెట్‌గా కట్టి అమ్మాయి. డేటా వద్దన్నా నంబర్ కోసం డేటా కొనక తప్పేది కాదు.

2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఈ ప్యాకెట్‌ను విప్పింది. కేవలం కాల్స్, ఎస్ఎంఎస్‌లతో కనీసం ఒక ప్లాన్ ఉండాలని, ప్రత్యేక వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోవచ్చని నిబంధనలు మార్చింది. 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్లాన్లు తెచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, ఏడాదికి 1,849 రూపాయలు. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748. ముందు ప్రకటించిన ధరలు ఇంతకంటే ఎక్కువ, విమర్శలు వచ్చాక తగ్గించారు. ఎలా చూసినా రోజుకు అయిదు రూపాయల చుట్టుపక్కల, అంటే డేటా ప్లాన్‌లో దాదాపు సగం.

ఈ ప్లాన్లను వృద్ధుల కోసం, బేసిక్ ఫోన్లు వాడేవాళ్ల కోసం అనుకుంటారు. నిజానికి ఇంట్లో వైఫై ఉండి, రోజంతా ఇంట్లోనే ఉండే వ్యాపార నంబర్‌కు ఇవే బాగా సరిపోతాయి. వాట్సాప్ బిజినెస్ వైఫై మీద నడుస్తుంది. లోపలి గదిలో సిగ్నల్ బలహీనంగా ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవచ్చు, మామూలు కాల్ కూడా ఇంటి ఇంటర్నెట్ మీదుగానే వెళ్తుంది.

మంగళగిరి ఇంటి లెక్క మళ్లీ వేద్దాం. మూడు సిమ్‌లకూ 299 ప్లాన్ అయితే ఏడాదికి 11,661 రూపాయలు. 399 ఫైబర్‌కు జీఎస్టీతో కలిపి 5,650. మొత్తం 17,311. ఇప్పుడు బయట తిరిగే భర్త సిమ్‌కు డేటా ప్లాన్ అలాగే ఉంచి, ఇంట్లో ఉండే రెండు నంబర్లకూ 1,849 వాయిస్ ప్లాన్ వేయిస్తే మొత్తం 13,235 అవుతుంది. మిగిలేది 4,076 రూపాయలు. నెలకు 60 పార్సిళ్లు పంపే ఇల్లయితే ఒక్కో పార్సిల్ మీద పడే ఫోన్, ఇంటర్నెట్ ఖర్చు 24 రూపాయల నుంచి 18కి దిగుతుంది. చీర మీద వందో నూటయాభయ్యో మిగుల్చుకునే చోట ఆరు రూపాయలు చిన్న మొత్తం కాదు.

ఒక జాగ్రత్త. వాయిస్ ప్లాన్ మీద అవసరానికి డేటా వోచర్ వేసుకోవచ్చో లేదో ఆ కంపెనీ యాప్‌లో ముందే చూసుకోవాలి. ఏడాదికి కట్టేశాక తెలుసుకుంటే లాభం లేదు.

తీగ మీదికి మారితే చూడాల్సినవి

మొదటిది ధర. ప్రీపెయిడ్ రీచార్జ్ మీద రాసిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్, పోస్ట్‌పెయిడ్ ప్రకటనల్లో సాధారణంగా కలవదు. 399 అన్నది చేతికొచ్చేసరికి 470 రూపాయల 82 పైసలు, 699 అన్నది 824 రూపాయల 82 పైసలు. రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

రెండోది వేగం. వ్యాపారం చేసేవాళ్లకు డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్ ముఖ్యం, ఎందుకంటే లైవ్, వీడియో కాల్, ఫొటోలు అన్నీ ఇంటి నుంచి బయటికి వెళ్లేవే. ఫైబర్ తీగలో అప్‌లోడ్ దాదాపు డౌన్‌లోడ్‌తో సమానంగా ఉండే ప్లాన్లు దొరుకుతాయి. 5జీ సిగ్నల్ పట్టుకుని ఇంట్లో వైఫై ఇచ్చే ఎయిర్‌ఫైబర్ లాంటివి తీగ రాని చోట మంచివే గానీ, వాటిలో అప్‌లోడ్ టవర్ దూరాన్ని బట్టి, చుట్టుపక్కల రద్దీని బట్టి మారుతుంది. ఒక లైవ్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉంటే చాలు. కాబట్టి 30 ఎంబీపీఎస్ ఫైబర్ ఒక ఇంటి వ్యాపారానికి సరిపోతుంది.

చాలక పోవడానికి కారణం చాలాసార్లు ప్లాన్ కాదు, రూటర్ ఉన్న చోటు. కనెక్షన్ ఇచ్చేవాళ్లు హాల్లో టీవీ వెనక మేకు కొట్టి రూటర్ తగిలించి వెళ్తారు. చీరల బీరువా, లైట్లు, ఫోన్ స్టాండు వెనక గదిలో ఉంటాయి. మధ్యలో రెండు ఇటుక గోడలు. లైవ్‌లో బొమ్మ ఆగిపోతుంటే 699 ప్లాన్‌కు మారతారు, అయినా ఆగుతూనే ఉంటుంది. పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్‌తో రూటర్‌నో, పాత రూటర్‌ను రెండోదిగానో ఆ గదిలోకి తీసుకెళ్తే ఏడాదికి 4,248 రూపాయల తేడా మిగులుతుంది.

మూడోది కరెంటు. రూటర్‌కు కావాల్సింది చాలావరకు 12 వోల్టులే. దాని కోసమే వచ్చే మినీ యూపీఎస్‌లు ఉన్నాయి, రెండు మూడు గంటలు లాగుతాయి. అయితే వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టెకు బ్యాకప్ లేకపోతే ఇంట్లో యూపీఎస్ ఉన్నా ఉపయోగం లేదు. కనెక్షన్ తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: "కరెంటు పోతే మీ నెట్ ఎంతసేపు వస్తుంది?"

నాలుగోది తీగ తెగడం. ఎంత నమ్మకమైన కనెక్షన్‌కైనా ఈ ప్రమాదం ఉందని 2025 ఆగస్టులో హైదరాబాద్ చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ విషాదం తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను కత్తిరించడంతో నగరంలో చాలాచోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. ప్రాణాల ముందు ఇంటర్నెట్ లెక్కలోకి రాదు, ఆ తీగల గుట్టలు తీయాల్సినవే. కానీ ఆ రోజుల్లో ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఆసరా అయ్యింది ఫోన్‌లోని డేటానే. అందుకే ఇంట్లో కనీసం ఒక సిమ్‌లో డేటా ఉండాలి, అదీ ఫైబర్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరే కంపెనీది. రెండూ ఒకే కంపెనీవైతే ఆ కంపెనీకి ఆ ప్రాంతంలో ఏదైనా అయినప్పుడు రెండూ కలిసి ఆగే అవకాశం ఉంది.

నంబర్ ఆగితే అసలు నష్టం

పొదుపు అనగానే కొందరు చేసేది వ్యాపార నంబర్‌కు రీచార్జ్ మానేయడం. వాట్సాప్ వైఫై మీద నడుస్తూనే ఉంటుంది కదా అన్న ధీమా. ఇది ప్రమాదకరం. వ్యాలిడిటీ అయిపోతే ముందు అవుట్‌గోయింగ్, కొన్ని రోజులకు ఇన్‌కమింగ్ ఆగుతాయి. వాడకం లేని నంబర్‌ను కంపెనీ రద్దు చేసి, గడువు తీరాక ఇంకొకరికి ఇవ్వగలదు. అప్పుడు ఆ నంబర్‌కు వచ్చే ఓటీపీలు కొత్త మనిషికి వెళ్తాయి. ఇలా రద్దయిన, చేతులు మారిన నంబర్ల వివరాలను బ్యాంకులు, యూపీఐ యాప్‌లు కనీసం వారానికోసారి సరిచూసుకోవాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పెట్టిన నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే రీచార్జ్ లేక చచ్చిపోయిన నంబర్ మీద కస్టమర్ డబ్బు పంపే దారి కూడా మూసుకుపోతుంది.

2025 నవంబర్‌లో టెలికాం శాఖ ఇంకో అడుగు వేసింది. వాట్సాప్ లాంటి యాప్‌లు రిజిస్టర్ అయిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచేయాలని, కంప్యూటర్‌లో తెరిచిన వెబ్ లాగిన్ ఆరు గంటలకు మించి నిలవకూడదని ఆదేశించింది. సైబర్ మోసాలను అడ్డుకోవడం దీని ఉద్దేశం. సిమ్ తీసి డబ్బాలో పెట్టి, పాత ఫోన్‌లో వాట్సాప్ మాత్రం నడిపించే పద్ధతికి ఇది నేరుగా తగులుతుంది. అయిదేళ్లుగా కస్టమర్ల ఫోన్లలో సేవ్ అయి ఉన్న నంబర్ విలువతో పోలిస్తే ఏడాదికి 1,849 తక్కువే. తగ్గించాల్సింది డేటా ఖర్చునే గానీ నంబర్ ఖర్చును కాదు.

నెట్‌వర్క్ నచ్చకపోతే నంబర్ మార్చుకోనక్కర లేదు. 90 రోజులు దాటిన నంబర్‌ను 1900కు మెసేజ్ పంపి పోర్ట్ చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒకే సర్కిల్ (సేవా ప్రాంతం), కాబట్టి హైదరాబాద్ నుంచి గుంటూరుకు ఇల్లు మారినా అది సర్కిల్ మారినట్టు కాదు.

పన్నులో ఎంత వెనక్కి వస్తుంది

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు వ్యాపారానికి వాడిన మేరకు బ్రాడ్‌బ్యాండ్, పోస్ట్‌పెయిడ్ బిల్లుల మీద కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. దానికి బిల్లు వ్యాపారం పేరున ఉండాలి, జీఎస్టీ నంబర్ అందులో పడాలి. 399 ప్లాన్ అయితే ఏడాదికి గరిష్ఠంగా 862 రూపాయలు, అందులో ఇంటి వాడకం వాటా తీసేయాలి. టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఈ క్రెడిట్ రాదు. రిజిస్ట్రేషనే లేని చిన్నవాళ్లకు అసలు వర్తించదు, ఇంటి వ్యాపారాల్లో ఎక్కువ భాగం వీళ్లే.

ఆదాయపు పన్నులోనూ అంతే. టర్నోవర్‌లో 8 శాతాన్ని, డిజిటల్ చెల్లింపులైతే 6 శాతాన్ని లాభంగా చూపించే పద్ధతి ఎంచుకుంటే ఇంటర్నెట్ బిల్లును విడిగా ఖర్చు కింద చూపడం కుదరదు. అందుకే పన్ను మిగులుతుందన్న ఆశతో ఖరీదైన బిజినెస్ ప్లాన్‌కు మారేముందు ఆ మిగులు తమకు వస్తుందో లేదో చూసుకోవాలి. స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా), గంటల్లో రిపేరు హామీ లాంటివి అవసరమైన పనులకే ఆ ప్లాన్లు తగినవి.

ఇకముందు

మొబైల్ కంపెనీలు ఒక్కో కస్టమర్ నుంచి వచ్చే సగటు ఆదాయాన్ని పెంచుకునే దారిలోనే ఉన్నాయి. 2024 చివరి త్రైమాసికంలో ఎయిర్‌టెల్‌కు అది నెలకు 245 రూపాయలకు, జియోకు 203 రూపాయలకు చేరింది. 5జీ మీద పెట్టిన పెట్టుబడి రాబట్టుకోవాలంటే ఇంకా పెరగాలన్నది కంపెనీల వాదన. అంటే రెండేళ్లకో మూడేళ్లకో ఇంకో పెంపు వస్తుందనే అనుకోవాలి. 2025 సెప్టెంబర్‌లో దేశీయ 4జీని ప్రారంభించిన బీఎస్ఎన్ఎల్ ఎంత గట్టిగా నిలబడుతుందన్న దాని మీద ఆ పెంపు ఎంతన్నది కొంత ఆధారపడుతుంది.

పెంపు వచ్చే తీరు మాత్రం తెలిసిందే. 2024లో జియో జూన్ 27న ప్రకటించింది, కొత్త ధరలు జులై 3 నుంచి అమలయ్యాయి. ఆ అయిదారు రోజుల్లో ఏడాది ప్లాన్ వేయించుకున్నవాళ్లు 2,999 కట్టారు. జులై 3 తర్వాత అదే ప్లాన్‌కు వెళ్లినవాళ్లు 3,599 కట్టారు. అప్పటికే వ్యాలిడిటీ మిగిలి ఉన్నా కొత్త రీచార్జ్ వరుసలో నిలబడి పాతది అయిపోయాక మొదలైంది. దానికి కావాల్సింది ఆ వారంలో చేతిలో ఒక మూడు వేల రూపాయలు.